వెతకడం వచ్చు, తేల్చుకోవడం రాదు: బడిలో సమాచార అక్షరాస్యత ఎక్కడ గాడి తప్పుతోంది

క్లుప్తంగా: ఫోన్, ఇంటర్నెట్ అలవాటైనంత మాత్రాన సమాచారాన్ని నిగ్గు తేల్చే నేర్పు రాదని అంతర్జాతీయ పరీక్షలు చూపిస్తున్నాయి. బడుల్లో ఎక్కువగా చెప్పే చెక్‌లిస్టు పద్ధతి విద్యార్థిని పేజీలోనే కట్టిపడేస్తుంది. అనుభవజ్ఞులు చేసేది పేజీ వదిలి బయట ఆరా తీయడం. ఏడాదికోసారి పెట్టే అవగాహన తరగతి కన్నా, సబ్జెక్టు అసైన్‌మెంట్లలో కలిపేసిన చిన్న పనులే పిల్లల్లో నిలుస్తాయి. అసైన్‌మెంట్ ప్రశ్నే సరిగా లేకపోతే మిగతా పాఠమంతా వృథా.

"ఫోన్ వాడకంలో పిల్లలే మనకు నేర్పుతున్నారు, వాళ్లకు వెతకడం మళ్లీ వేరే నేర్పాలా?" సమాచార అక్షరాస్యతను, అంటే సమాచారాన్ని వెతికి, విలువ కట్టి, వాడుకునే నేర్పును, పాఠ్యాంశంగా పెట్టాలన్నప్పుడల్లా వచ్చే మొదటి అభ్యంతరం ఇదే. 2001లో అమెరికన్ రచయిత మార్క్ ప్రెన్‌స్కీ 'డిజిటల్ నేటివ్స్' (డిజిటల్ లోకంలోనే పుట్టి పెరిగినవాళ్లు) అన్న మాటను ప్రచారంలోకి తెచ్చాక ఈ నమ్మకానికి ఇంకాస్త బలం వచ్చింది. పరీక్ష పెట్టి చూసినప్పుడు మాత్రం లెక్క వేరుగా తేలుతోంది. 8వ తరగతి విద్యార్థుల కంప్యూటర్, సమాచార నైపుణ్యాలను కొలిచే అంతర్జాతీయ అధ్యయనం ఐసీఐఎల్‌ఎస్ 2023లో, పాల్గొన్న దేశాల సగటు చూస్తే 43 శాతం మంది రెండో స్థాయిని అందుకోలేదు. ఆ స్థాయిలో అడిగేవేమీ కొమ్ములు తిరిగిన ప్రశ్నలు కావు, సూటిగా కనబడే సమాచారాన్ని సేకరించి వాడుకోవడం లాంటి ప్రాథమిక పనులే.

లోటు ఎక్కడుందో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ చరిత్ర విద్యా బృందం మరింత స్పష్టంగా చూపించింది. 2016లో ఆ బృందం అమెరికాలోని 12 రాష్ట్రాల నుంచి 7,804 సమాధానాలు పరిశీలించింది. 'ప్రాయోజిత కథనం' అని పైన రాసి ఉన్న ప్రకటనను మిడిల్ స్కూల్ విద్యార్థుల్లో 80 శాతానికి పైగా అసలు వార్తే అనుకున్నారు. 2019లో 3,446 మంది హైస్కూల్ విద్యార్థులతో చేసిన మరో అధ్యయనంలో, అమెరికా ఎన్నికల్లో దొంగ ఓట్లు వేస్తున్నట్టు చెప్పే మసక వీడియో ఒకటి చూపించారు. నిజానికి అది రష్యాలో తీసింది. 52 శాతం మంది దాన్ని బలమైన ఆధారమన్నారు. వీడియో అసలు ఎక్కడిదో తేల్చినవాళ్లు మొత్తం మీద ముగ్గురే. ఇంటర్నెట్ వాళ్ల చేతిలోనే ఉంది, వెతకొద్దని ఎవరూ అనలేదు.

నేర్పడమే లేదా అంటే, కొంత నేర్పుతున్నారు. సమాచారం పక్షపాతంతో ఉందో లేదో గుర్తించడం బడిలో చెప్పారని 15 ఏళ్ల విద్యార్థులకు పెట్టే అంతర్జాతీయ పరీక్ష పీసా 2018 సర్వేలో, ఎక్కువగా సంపన్న దేశాలున్న ఓఈసీడీ కూటమి సగటున 54 శాతం విద్యార్థులు తెలిపారు. కాబట్టి పాఠం ఉందా లేదా అన్న దానికన్నా, ఆ పాఠంలో ఏముందన్నదే అసలు ప్రశ్న.

లైబ్రరీ నుంచి సెర్చ్ పెట్టె దాకా

సమాచార అక్షరాస్యత అన్న భావనను 1974లో పాల్ జుర్కోవ్‌స్కీ అమెరికా జాతీయ గ్రంథాలయ, సమాచార విజ్ఞాన కమిషన్‌కు ఇచ్చిన నివేదికలో ముందుకు తెచ్చారు. అప్పట్లో దృష్టంతా ఉద్యోగుల మీద ఉండేది. 1989లో అమెరికన్ లైబ్రరీ అసోసియేషన్ కమిటీ దానికి ఒక నిర్వచనం ఇచ్చింది: సమాచారం ఎప్పుడు అవసరమో గుర్తించడం, దాన్ని వెతికి పట్టుకోవడం, విలువ కట్టడం, సమర్థంగా వాడుకోవడం. 1990లో మైక్ ఐసెన్‌బర్గ్, బాబ్ బెర్కోవిట్జ్ రూపొందించిన 'బిగ్ సిక్స్' నమూనా ఇదే భావనను బడికి తెచ్చి ఆరు మెట్లుగా విడగొట్టింది.

ఆ రోజుల్లో విద్యార్థి చేతికొచ్చే పుస్తకం అప్పటికే రెండు మూడు జల్లెడలు దాటి వచ్చేది. ప్రచురణకర్త ఒకరు చూసేవారు, లైబ్రేరియన్ ఒకరు ఎంచేవారు. పిల్లవాడికి ఉన్న కష్టమల్లా కావలసింది దొరక్కపోవడమే. అందుకే కేటలాగ్ చూడటం, పుస్తకం ముందుండే విషయసూచికకూ వెనకుండే పదసూచికకూ తేడా తెలియడం పాఠంలో పెద్ద భాగంగా ఉండేవి. వెబ్ వచ్చాక పరిస్థితి తిరగబడింది. దొరకడం సులువైపోయింది, ఆ జల్లెడ పట్టే పని మొత్తం చదివేవాడి నెత్తిన పడింది. పాఠాలు మాత్రం చాలాచోట్ల పాత పద్ధతిలోనే, చేతికొచ్చిన పుటను శ్రద్ధగా చదవమనే చెబుతున్నాయి.

చెక్‌లిస్టు ఎందుకు బెడిసికొడుతుంది

2004లో కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీ చికో లైబ్రేరియన్ సారా బ్లేక్‌స్లీ, వెబ్ పేజీ విలువ కట్టడానికి ఒక ప్రశ్నావళి తయారు చేశారు. సమాచారం తాజాదా, విషయానికి సంబంధించినదా, రాసినవారికి అర్హత ఉందా, ఖచ్చితమైనదా, ఉద్దేశం ఏమిటి అన్న అయిదు కోణాలు అందులో ఉన్నాయి. గుర్తుపెట్టుకోవడం తేలిక కాబట్టి అది, దాని రకరకాల నకళ్లు ఎన్నో బడులకు పాకాయి.

ప్రశ్నలు మంచివే. వాటికి విద్యార్థి జవాబు ఎక్కడ వెతుకుతాడన్న దగ్గరే చిక్కుంది. రాసినవారి అర్హత కోసం అదే పేజీలోని 'మా గురించి' నొక్కుతాడు. ఉద్దేశం కోసం అదే సైటు చెప్పుకున్న ఆశయాలు చదువుతాడు. అంటే ఎవరి మీద విచారణో వాళ్లనే సాక్ష్యం అడుగుతున్నాడు. పైగా తేదీ, చక్కటి డిజైన్, అక్షరదోషాలు లేకపోవడం, ఆధారాల జాబితా లాంటి పైపై గుర్తులన్నీ ఇవాళ ఎవరైనా ఒక్క పూటలో అమర్చుకోగలరు. డాట్ ఆర్గ్ చిరునామా ఉంటే నమ్మదగిన సంస్థ అన్న సూత్రం ఇప్పటికీ పాఠాల్లో కనిపిస్తుంది. ఆ చిరునామాను డబ్బు కట్టి ఎవరైనా కొనుక్కోవచ్చు. విశ్వవిద్యాలయాలు వాడే డాట్ ఈడీయూ మీద గట్టి పరిమితులున్నాయి గానీ, ఆ సైట్లలోనూ విద్యార్థుల సొంత పేజీలుంటాయి.

అదే స్టాన్‌ఫర్డ్ బృందానికి చెందిన సామ్ వైన్‌బర్గ్, సారా మెక్‌గ్రూ 2017లో వెలువరించిన అధ్యయనం ఈ తేడాను కళ్లకు కట్టింది. పదిమంది చరిత్ర ఆచార్యులు, వార్తల నిజానిజాలు తేల్చడమే వృత్తిగా ఉన్న పదిమంది ఫ్యాక్ట్ చెకర్లు, 25 మంది స్టాన్‌ఫర్డ్ విద్యార్థులు, మొత్తం 45 మంది స్క్రీన్ మీద ఎలా చదువుతారో పరిశీలించారు. పిల్లల వైద్యానికి సంబంధించిన రెండు సంస్థల పేజీలు చూపించి ఏది నమ్మదగినదని అడిగారు. ఒకటి 1930లో ఏర్పడిన అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్, వేల మంది వైద్యుల సంఘం. రెండోది అమెరికన్ కాలేజ్ ఆఫ్ పీడియాట్రిషియన్స్, 2002లో అభిప్రాయభేదాలతో విడిపోయిన చిన్న బృందం. పేర్లు దాదాపు ఒకటే, పేజీలు రెండూ ముచ్చటగానే ఉన్నాయి. విద్యార్థుల్లో ఎక్కువ మంది రెండోదానికే ఓటేశారు. కాకలు తీరిన చరిత్రకారుల్లోనూ పలువురు ఎటూ తేల్చుకోలేకపోయారు. ఫ్యాక్ట్ చెకర్లందరూ మొదటిదాన్నే ఎంచుకున్నారు, అదీ తక్కువ సమయంలో.

వాళ్లు చేసింది ఒకటే. పేజీని చదవకముందే దాన్ని వదిలేసి, కొత్త ట్యాబులు తెరిచి, ఆ సంస్థ గురించి ఇతరులు ఏమంటున్నారో చూశారు. దీన్నే లాటరల్ రీడింగ్, అంటే పక్కకు వెళ్లి చదవడం, అంటున్నారు. శ్రద్ధగా, పైనుంచి కిందికి, ఒక్క ముక్క వదలకుండా చదవడం బడి ఏళ్ల తరబడి నేర్పే మంచి అలవాటు. తెలియని వెబ్ పేజీ ముందు అదే అలవాటు ఎదురు తిరుగుతుంది. ఆ పేజీ అంత శ్రద్ధకు తగినదో కాదో ముందే తేల్చుకోవాలి.

2019లో డిజిటల్ అక్షరాస్యత నిపుణుడు మైక్ కాల్‌ఫీల్డ్ ఈ పనిని నాలుగు కదలికలుగా కుదించారు: ఆగడం, మూలం ఎవరో ఆరా తీయడం, అదే విషయం మీద మెరుగైన కథనం కోసం చూడటం, మాట మొదట ఎక్కడ పుట్టిందో వెనక్కి వెళ్లి పట్టుకోవడం. మొదటి ఆరాకు అర నిమిషం, ఒక నిమిషం చాలు. తరగతి గదిలో దీని ఫలితాన్ని కొలిచారు కూడా. ఒక అమెరికన్ పట్టణ జిల్లాలో 499 మంది హైస్కూల్ విద్యార్థులతో జరిపి, 2022లో ప్రచురించిన అధ్యయనంలో, ఒక్కోటి 50 నిమిషాల చొప్పున ఆరు పాఠాలు చెప్పిన తరగతులు మామూలు తరగతుల కన్నా స్పష్టంగా ముందుకెళ్లాయి. ఆరు పాఠాలతో అందరూ నిపుణులైపోలేదు. కానీ ఆ పాఠాలు ప్రభుత్వ పాలన సబ్జెక్టులో భాగంగా, ఆ సబ్జెక్టు టీచర్లే చెప్పినవి. ఈ సంగతి గుర్తుంచుకోదగ్గది.

ఒక్క వాక్యం, రెండు పీరియడ్లు

"తేనెటీగలు అంతరిస్తే మనిషికి మిగిలేది నాలుగేళ్లే అని ఐన్‌స్టీన్ చెప్పాడు." పోస్టర్ల మీదా, ఫార్వర్డుల్లోనూ తిరిగే ఈ వాక్యం తరగతి గదికి బాగా పనికొస్తుంది. కారణం, ఇది పచ్చి అబద్ధమంత తేలిగ్గా తేలిపోదు.

మొదట చేయాల్సింది వాక్యాన్ని విడగొట్టడం. ఇందులో రెండు వేర్వేరు మాటలున్నాయి. ఐన్‌స్టీన్ అలా అన్నాడా అన్నది ఒకటి, తేనెటీగలు లేకపోతే నిజంగా అంత నష్టమా అన్నది రెండోది. ఒకటి అబద్ధమైతే రెండోదీ అబద్ధమని పిల్లలు తరచూ అనేసుకుంటారు. అన్నవాడు తప్పైనా మాట నిజం కావచ్చు. బోర్డు మీద రెండు గళ్లు గీసి, ఏ ఆధారం ఏ గడిలోకి వస్తుందో అడిగితే ఈ గందరగోళం తగ్గుతుంది.

మొదటి పీరియడ్ ఐన్‌స్టీన్‌కు. పూర్తి వాక్యాన్ని సెర్చ్‌లో పెడితే దాన్ని మళ్లీ మళ్లీ ఎక్కించిన పేజీలే వస్తాయి. పదిసార్లు కనబడింది కాబట్టి నిజమేనని తేల్చేయడం ఇక్కడ అందరూ చేసే పొరపాటు. ఆ పదీ ఒకే చోటి నుంచి కాపీ అయినవైతే అది ఒక్క సాక్ష్యం కిందే లెక్క. 'ఐన్‌స్టీన్, తేనెటీగలు, ఉల్లేఖన, మూలం' అని మార్చి వెతికితే ఆ మాట పుట్టుపూర్వోత్తరాలు పరిశోధించిన పేజీలు కనిపిస్తాయి. ఐన్‌స్టీన్ రచనల్లో గానీ ప్రసంగాల్లో గానీ ఈ మాట దొరకలేదు. ఆయన 1955లో చనిపోయారు. ఈ వాక్యానికి పెద్ద ప్రచారం తెచ్చింది 1994లో బ్రసెల్స్‌లో తేనెటీగల పెంపకందార్లు చేసిన నిరసనలో పంచిన కరపత్రం. అప్పుడు పిల్లల్ని అడగాల్సిన ప్రశ్న: ఈ మాట ఐన్‌స్టీన్ అన్నట్టు ఉండటం వల్ల ఎవరికి ప్రయోజనం?

రెండో పీరియడ్ లెక్కలకు. వెతికితే 'ప్రపంచ ఆహార పంటల్లో 75 శాతం పరాగ సంపర్కం చేసే జీవుల మీద ఆధారపడ్డాయి' అన్న మాట చాలా చోట్ల కనిపిస్తుంది. దాన్ని వెనక్కి పట్టుకుంటూ వెళితే 2007లో రాయల్ సొసైటీ పత్రికలో వచ్చిన పరిశోధన దగ్గర తేలుతుంది. అందులో పరిశీలించిన 115 ప్రధాన పంటల్లో 87 రకాలకు జంతువుల ద్వారా జరిగే పరాగ సంపర్కం ఎంతో కొంత ఉపయోగపడుతుంది. అంటే 75 శాతం అన్నది పంట రకాల లెక్క. దిగుబడి పరిమాణంలో చూస్తే ఆ 87 పంటల వాటా 35 శాతమే. 60 శాతం దిగుబడి అలాంటి అవసరం లేని పంటలది. వరి, గోధుమ, మొక్కజొన్న ఈ రెండో కోవలోవి. పైగా ఆ 87లోనూ చాలా వాటికి ఆధారం పాక్షికమే. జీవవైవిధ్యం మీద పనిచేసే అంతర్ ప్రభుత్వ వేదిక ఐపీబీఈఎస్ 2016 నాటి అంచనా ప్రకారం, ప్రపంచ పంట ఉత్పత్తిలో నేరుగా ఈ జీవుల పుణ్యమా అని వచ్చేది 5 నుంచి 8 శాతం. ఇందులో తేనెటీగలతో పాటు సీతాకోకచిలుకలు, గబ్బిలాలు, పక్షులూ ఉన్నాయి.

75, 35, 8. మూడూ సరైన అంకెలే, మూడూ ఒకే విషయం గురించినవే. ఏది దేని శాతం అన్నది వదిలేస్తే ఏ వాదనకైనా వీటిలో ఒకటి సరిపోతుంది. ఇక్కడ తరగతి ఇంకో గోతిలో పడే ప్రమాదం ఉంది: 'అయితే తేనెటీగలు పోయినా ఫర్వాలేదన్నమాట.' పండ్లు, గింజపప్పులు, కూరగాయలు, వాటితో వచ్చే విటమిన్లు ఆ తక్కువ శాతంలోనే ఎక్కువగా ఉన్నాయి. నాలుగేళ్లలో మానవజాతి అంతమైపోదు, ఆహారం మాత్రం నాసిరకమవుతుంది. ఈ తీర్మానానికి విద్యార్థులు తామే రావాలి. టీచర్ ముందే చెప్పేస్తే రెండు పీరియడ్లూ దండగ.

ఇలాంటి పాఠానికి వింత సైట్లు ఎంచుకోవడం చాలామందికి సరదా. చెట్టెక్కే ఆక్టోపస్ ఉందని చెప్పే 1998 నాటి సైటు వాటిలో ప్రసిద్ధమైనది. పిల్లలు నవ్వుకుంటారు, పాఠం గుర్తుంటుంది. అయితే తప్పుడు సమాచారమంటే తలాతోకా లేకుండా ఉంటుందన్న భ్రమ కూడా దానితో పాటే గుర్తుండిపోతుంది. అసలు బోల్తా కొట్టించేవి సగం నిజం కలిసిన, చూడటానికి గంభీరంగా ఉండే పేజీలు.

అసైన్‌మెంట్ ప్రశ్నే మొదటి లోపం

'తేనెటీగల గురించి రెండు పేజీలు రాయండి' అంటే, ఒక ఎన్‌సైక్లోపీడియా పేజీని ఎత్తిరాయడం విద్యార్థికి అన్నిటికన్నా తెలివైన పని. అందులో ఎంచుకోవాల్సింది లేదు, పోల్చాల్సింది లేదు. ఇలాంటి ప్రశ్న ఇచ్చి కాపీ కొట్టారని మందలించడం అన్యాయం. 'ఈ పది పంటల్లో తేనెటీగలు లేకపోయినా పండేవి ఏవి, దిగుబడి బాగా పడిపోయేవి ఏవి, ఎందుకు?' అంటే ఒకే పేజీలో జవాబు ఉండదు. పోలిక, కారణం, తీర్పు, ఈ మూడింటిలో ఒక్కటైనా అడగని ప్రశ్నతో సమాచార నైపుణ్యం నేర్పడం కుదరదు.

విద్యార్థే ప్రశ్న తయారు చేసుకోవాలంటే సమయం ఇవ్వాలి. అమెరికన్ గ్రంథాలయ శాస్త్ర పరిశోధకురాలు క్యారల్ కుల్తావ్ విద్యార్థుల శోధన క్రమాన్ని ఏళ్ల తరబడి పరిశీలించి ఒక సంగతి గమనించారు. అంశం ఎంచుకున్నాక నమ్మకం కాస్త పెరుగుతుంది, దాని గురించి అటూ ఇటూ చదవడం మొదలెట్టగానే అయోమయం ఎక్కువవుతుంది. చదివినకొద్దీ గందరగోళం పెరగడం ఆ దశలో సహజం. సరిగ్గా అప్పుడే 'రేపటికల్లా అయిదు మూలాల జాబితా తెండి' అంటే పిల్లలు దొరికిన మొదటి అయిదు లింకులు రాసేసి చేతులు దులుపుకుంటారు. ప్రాజెక్టుకు అయిదు పీరియడ్లు ఉంటే మొదటి రెండూ నేపథ్యం చదవడానికీ ప్రశ్న గీసుకోవడానికీ వదిలేయాలి. మూలాల లెక్క మూడో పీరియడ్‌లో అడిగితే చాలు.

కీలక పదాలు కాగితం మీదే పుట్టాలి. ప్రశ్నలోని రెండు మూడు ముఖ్య భావాలను విడిగా రాసి, ఒక్కోదాని కింద పర్యాయపదాలు, పుస్తకాల్లో వాడే శాస్త్రీయ పదాలు రాయించాలి. 'పువ్వుల పొడి మోయడం' అని వెతికేవారికి, 'పరాగ సంపర్కం' అని వెతికేవారికి వచ్చే పేజీల స్థాయి ఒకటి కాదు. మాతృభాషలో తక్కువ పేజీలున్న అంశమైతే, అక్కడ దొరికిన పదాలతోనే రెండో భాషలోనూ ఒకసారి వెతికించడం మంచిది. సరిగ్గా ఆ పదబంధమే కావాలంటే కొటేషన్ గుర్తుల్లో పెట్టడం, అక్కర్లేని అర్థాన్ని మైనస్ గుర్తుతో తీసేయడం, ఒకే సైటులో వెతకడం, ఈ మూడూ చాలు. మిగతా చిట్కాలు పెద్దగా ఎవరికీ గుర్తుండవు.

ప్రశ్నలోనే జవాబు దాచేయడం ఇంకో చిక్కు. 'సెల్ టవర్ల వల్ల తేనెటీగలు చనిపోతున్నాయా' అని వెతికితే సెల్ టవర్ల గురించే పేజీలు వస్తాయి, ఎక్కువగా అవునని చెప్పేవి. 'తేనెటీగల తగ్గుదల, కారణాలు' అంటే పురుగుమందులు, పరాన్నజీవులు, ఆవాసాల నష్టం అన్నీ బయటికొస్తాయి. 2023 డిసెంబరులో నేచర్ పత్రికలో వచ్చిన అధ్యయనం దీని తీవ్రతను చూపింది. తప్పుడు కథనాన్ని సరిచూసుకోవడానికి నెట్‌లో వెతికినవారిలో ఆ కథనం మీద నమ్మకం తగ్గకపోగా పెరిగింది. వెతుకులాటలో నాసిరకం పేజీలు తగిలినవారిలో ఇది ఎక్కువ. కథనం శీర్షికనే తెచ్చి సెర్చ్‌లో అతికించినవారికి అలాంటి పేజీలే ఎక్కువగా తగిలాయి. 'నెట్‌లో చూసి సరిచూసుకోండి' అన్న సలహా ఒక్కటే ఎంత ప్రమాదమో దీన్నిబట్టి తెలుస్తుంది.

ఫలితాల పేజీ వచ్చాక వెంటనే నొక్కకుండా ఆగడం కూడా నేర్పాల్సిన పనే. చేతులు మౌసు మీంచి తీసి, నిమిషం పాటు మొదటి పేజీలోని పది ఫలితాల చిరునామాలూ కింది రెండు వరుసలూ చదివి, ఏది ప్రకటన, ఏది వార్తాసంస్థ, ఏది అమ్మకందారుదో గుర్తు పెట్టించాలి. మొదట ఉన్నదే ఉత్తమమనే నమ్మకం ఇలా నాలుగైదుసార్లు చేస్తే గానీ సడలదు.

నోట్సు దగ్గర దొర్లే తప్పు

కాపీ అంతా మోసం కోవలోకి రాదు. మూలంలోని వాక్యం అలాగే ఉంచి, నాలుగు మాటలు తీసి నాలుగు పెట్టడాన్ని రచనా బోధన పరిశోధకురాలు రెబెకా మూర్ హోవర్డ్ 1990లలో 'ప్యాచ్‌రైటింగ్' అన్నారు. అర్థం పూర్తిగా చిక్కని పాఠాన్ని వాడుకోవాల్సి వచ్చినప్పుడు విద్యార్థి పడే అతుకుల పాట్లు అవి. శిక్ష కన్నా పద్ధతి మార్పు పనిచేస్తుంది. ఒక పేరా చదవడం, పుస్తకం మూయడం లేదా ట్యాబు దాచడం, గుర్తున్నది సొంత మాటల్లో రాయడం, మళ్లీ తెరిచి అంకెలూ పేర్లూ సరిచూడటం. మూయకుండా రాస్తే చెయ్యి కన్నును అనుసరిస్తుంది. మూలం పేరు, రచయిత, తేదీ, చూసిన రోజు నోట్సు మొదటి వరుసలోనే రాయించాలి. చివర్లో వెతుక్కుందామంటే సగం దొరకవు.

బొమ్మలకు వేరే దారి

2016 స్టాన్‌ఫర్డ్ అధ్యయనంలోనే, జపాన్‌లో ప్రమాదం జరిగిన ఫుకుషిమా అణు కేంద్రం దగ్గర వికృతంగా పూశాయని చెప్పే డైసీ పూల ఫోటో ఒకటి హైస్కూల్ విద్యార్థులకు ఇచ్చారు. దాదాపు 40 శాతం మంది అది గట్టి ఆధారమే అన్నారు, ఫోటో కళ్లముందుంది కాబట్టి. అలాంటి వికారం మొక్కల్లో ఎక్కడైనా సహజంగా రావచ్చు. ఫోటో నకిలీ కాదు, దాని కింది మాటకే ఆధారం లేదు. కాబట్టి బొమ్మను జూమ్ చేసి మార్ఫింగ్ జాడలు వెతకడం కన్నా, మాటలకు బదులు బొమ్మతోనే వెతికే రివర్స్ ఇమేజ్ సెర్చ్‌లో పెట్టి, అది అన్నిటికన్నా ముందు ఎప్పుడు, ఏ వ్యాఖ్యతో వచ్చిందో చూడటం మేలు. వీడియోకైతే రెండు మూడు స్క్రీన్‌షాట్లు తీసి అలాగే వెతకొచ్చు. కృత్రిమ మేధ తయారుచేసిన బొమ్మల్లో వేళ్లు లెక్కపెట్టమనే సలహాకు ఇప్పటికే కాలం చెల్లుతోంది.

చాట్‌బాట్ చెప్పిన జవాబుకు మూలం ఏది

2022 నవంబరులో చాట్‌జీపీటీ వచ్చాక మొదటి మెట్టే మారిపోయింది. సెర్చ్ ఇంజన్ పది పేజీలు చూపించి ఎంచుకోమంటుంది, చాట్‌బాట్ ఎంచడం, కుదించడం, రాయడం అన్నీ తానే చేసి ఒక్క జవాబు ఇస్తుంది. మూలం ఎవరని అడిగే సందే కనబడదు. చాట్‌బాట్‌ను నడిపే భాషా నమూనా తరువాత రాదగిన మాటను అంచనా వేస్తూ వాక్యం అల్లుతుంది కాబట్టి, లేని పుస్తకాన్నీ లేని వ్యాసాన్నీ ఉన్నవాటి ధోరణిలోనే, తడబాటు లేకుండా చెప్పగలదు. 2023 జూన్‌లో న్యూయార్క్ ఫెడరల్ కోర్టు, చాట్‌జీపీటీ కల్పించిన ఆరు లేని తీర్పులను కోర్టుకిచ్చిన పత్రంలో ఉటంకించిన న్యాయవాదులకు 5,000 డాలర్ల జరిమానా వేసింది. ఆ తీర్పులు నిజమైనవేనా అని న్యాయవాది తిరిగి చాట్‌బాట్‌నే అడిగాడు. 'మా గురించి' పేజీ చదివే విద్యార్థి చేసే తప్పు కూడా సరిగ్గా ఇదే.

తరగతిలో పూర్తి నిషేధం పెద్దగా నిలవదు. ఒక జవాబు తెచ్చి, అందులోని ఒక్కో వాదన కింద గీత గీయించి, వాటిలో మూడింటికి బయట ఆధారం చూపమనడం మంచి అభ్యాసం. లింకులు ఇచ్చే చాట్‌బాట్ అయితే లింకు తెరిచి, అక్కడ నిజంగా ఆ మాట ఉందో లేదో చూడాలి. లింకు పనిచేస్తుంది, పేజీ మంచిదే, కానీ ఆ వాక్యం అందులో ఉండదు. పిల్లలు జారిపోయేది ఇక్కడే. నేపథ్యం లేని చిన్న తరగతులకు ఈ పని ఇవ్వడం తొందరపాటు, తప్పును తప్పని గుర్తించడానికి ముందు ఆ విషయం కొంతైనా తెలిసుండాలి.

అనుమానం మితిమీరితే

దేన్నీ నమ్మొద్దని నేర్పడం తేలిక, దాని నష్టం కూడా ఎక్కువే. 2024లో నేచర్ హ్యూమన్ బిహేవియర్ పత్రికలో వచ్చిన, అమెరికా, పోలండ్, హాంకాంగ్‌లలో జరిపిన ప్రయోగాల్లో, తప్పుడు సమాచారం మీద అవగాహన పెంచే ప్రయత్నాలు అబద్ధాల మీద నమ్మకం తగ్గించాయి. వాటితో పాటు నిజమైన సమాచారం మీద నమ్మకాన్నీ తగ్గించాయి. తరగతిలో చూపే ఉదాహరణలన్నీ బూటకాలే అయితే పిల్లలు నేర్చుకునేది ఒకటే: టీచర్ చూపించిందంటే అబద్ధమే. నమ్మదగినవీ కానివీ సగం సగం కలపాలి. 'ఇది నమ్మొచ్చు, ఎందుకంటే' అని వాదించే అభ్యాసం కూడా అంతే తరచుగా ఉండాలి. వికీపీడియాను నిషేధించే బడులు ఈ తప్పే చేస్తున్నాయి. వ్యాసం అడుగునున్న ఆధారాల జాబితా, సవరణల చరిత్ర, చర్చ పేజీ, ఈ మూడూ చూడటం నేర్పితే తెలియని సంస్థ గురించి అర నిమిషంలో ఆరా తీయడానికి అంతకన్నా మంచి చోటు తక్కువ.

ఇంకో సూక్ష్మం ఉంది. పదేపదే విన్న మాట నిజమనిపించడాన్ని 1977లోనే మనస్తత్వ శాస్త్రవేత్తలు హాషర్, గోల్డ్‌స్టైన్, టోపినో ప్రయోగంతో చూపించారు. అబద్ధాన్ని పెద్ద అక్షరాలతో గోడ మీద అంటించి కింద 'ఇది తప్పు' అని చిన్నగా రాస్తే, కొన్నాళ్లకు పై మాటే మిగులుతుంది. ముందు నిజం చెప్పి, అబద్ధాన్ని ఒక్కసారి మాత్రం ప్రస్తావించడం మేలు.

ఏ తరగతికి ఏది, ఎలా కొలవాలి

చిన్న తరగతుల్లో 'ఇది ఎవరు చెప్పారు, వాళ్లకెలా తెలుసు' అన్న రెండు ప్రశ్నలు, ప్రకటనకూ కథనానికీ తేడా, పుస్తకంలో సూచికలు వాడటం చాలు. 6 నుంచి 8 తరగతులకు కీలక పదాలు, ఫలితాల పేజీ చదవడం, నోట్సు. లాటరల్ రీడింగ్, అంకెల మూలం పట్టుకోవడం, చాట్‌బాట్ పరీక్ష 9 నుంచి మొదలుపెట్టొచ్చు. లైబ్రేరియన్ ఉంటే పద్ధతి ఆయన చేతిలో, విషయం సబ్జెక్టు టీచర్ చేతిలో ఉండేలా ఇద్దరూ కలిసి అసైన్‌మెంట్ రాయడం ఉత్తమం. లైబ్రరీ పీరియడ్‌లో విడిగా చెప్పిన సెర్చ్ మెలకువలు సైన్సు ప్రాజెక్టు నాటికి గుర్తుండవు, ఎందుకంటే చెప్పిన రోజున వాటితో పిల్లలకు అవసరం లేదు.

కొలవడానికి బహుళైచ్ఛిక ప్రశ్నలు పనికిరావు. 'పేజీ వదిలి ఇతర మూలాలు చూడాలి' అన్న జవాబుకు టిక్కు పెట్టే విద్యార్థి, నిజంగా నెట్ ముందు కూర్చోబెడితే పేజీ కదలడు. తెలియని పేజీ ఒకటి ఇచ్చి, ఎనిమిది పది నిమిషాలు నెట్ తెరిచి పెట్టి, 'నమ్మొచ్చా లేదా, ఎలా తేల్చారు' అని రాయించాలి. పేజీ రూపురేఖలతోనే సరిపెడితే సున్నా. బయటికెళ్లి మూలాన్ని మాత్రం తేల్చుకోలేకపోతే ఒక మార్కు. మూలం ఎవరో తెలుసుకుని తీర్పుకు దాన్ని వాడుకుంటే రెండు. రెండు మూడు నెలల తర్వాత ఇలాంటివే వేరే అంశం మీద మళ్లీ ఇవ్వాలి. ప్రాజెక్టుల్లో వ్యాసంతో పాటు శోధన చిట్టా అడగడం మంచి అలవాటు: ఏ పదాలతో వెతికారు, ఏవి తెరిచారు, ఏవి వదిలేశారు, ఎందుకు. తుది జవాబు తప్పైనా, మూడో వెతుకులాటకు పదాలు మార్చిన విద్యార్థి ఆ చిట్టాలో కనిపిస్తాడు. జవాబు సరిగ్గానే ఉండి, మొదటి లింకు దగ్గరే ఆగిపోయినవాడూ కనిపిస్తాడు. మార్కుల్లో మూడో వంతైనా ఈ చిట్టాకు కేటాయించకపోతే దాన్ని ఆఖరి రోజు రాత్రి కూర్చుని కల్పించి రాస్తారు.